సెకండ్ల లోలకం: మీ 40.5 సెకండ్ల లెక్క, గడియారం లెక్క

మీరు అడిగింది ఒకటే అయినా అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. సెకండ్ల లోలకం అంటూనే ఆవర్తన కాలం 2 సెకండ్లు అంటారెందుకు? సరిగ్గా మీటరు దారానికి ఇనుప గుండు కట్టి ఊపితే 20 డోలనాలకు 40.5 సెకండ్లు పట్టింది, దాన్నిబట్టి జి (గురుత్వ త్వరణం) విలువ 9.63 వచ్చింది, తప్పెక్కడ? ఇంత తేడా వచ్చే వస్తువుతో మూడు వందల ఏళ్ల పాటు గడియారాలు ఎలా నడిపారు? మీటరుకూ దీనికీ చుట్టరికం ఉందంటారు, నిజమేనా? పాత లోలకం గడియారాలు విప్పి సరిచేయడం నా పని. కాబట్టి మూడో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

మొదటిది చాలా తేలిక. లోలకం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడానికి 1 సెకండు, తిరిగి రావడానికి ఇంకో సెకండు. గడియారంలో టిక్ అని వినబడేది ఒక్కో వైపు ఊపుకు, అంటే సెకండుకోసారి. గడియారాలు చేసేవాళ్లు ఆ ఒంటి ఊపునే లెక్కపెడతారు. భౌతికశాస్త్రం రానుపోనూ కలిపి ఒక డోలనం అంటుంది. పాత పుస్తకాల్లో ఒంటి ఊపునే డోలనం అని రాయడం వల్ల సూత్రంలో 2π ఉండాల్సిన చోట π మాత్రమే కనిపిస్తుంది. అది అచ్చుతప్పనుకుని దిద్దకండి.

ఇక పొడవు. ఆవర్తన కాలం = 2π × √(పొడవు ÷ జి). ఆవర్తన కాలం 2 సెకండ్లు పెడితే పొడవు = జి ÷ π² అని తేలుతుంది. జి ప్రామాణిక విలువ 9.80665 తీసుకుంటే 99.36 సెంటీమీటర్లు. మీటరుకు ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు తక్కువ. కాబట్టి మీ దారం నిజంగా మీటరే అయినా 20 డోలనాలకు 40 సెకండ్లు రాకూడదు, 40.1 రావాలి. మీకు 40.5 వచ్చింది. మిగతా 0.4 సెకండు ఎక్కడిదో చూద్దాం.

మీరు కొలిచింది దారం. లోలకం పొడవంటే దారం పొడవు కాదు. పైన వేలాడే బిందువు నుంచి గుండు గరిమనాభి దాకా ఉన్న దూరం. మీ గుండు వ్యాసం రెండున్నర సెంటీమీటర్లన్నారు, పైన కొక్కెం అర సెంటీమీటరు. అంటే దారం కొస నుంచి గుండు నడిబొడ్డుకు ఇంకా 1.75 సెంటీమీటర్లుంది. 1.00 బదులు 1.018 మీటర్లు పెట్టి లెక్క మళ్లీ చేయండి. జి విలువ 9.80 వస్తుంది. మీ స్టాప్‌వాచ్‌లో తప్పు లేదు, చేతిలోనూ లేదు. టేపు పెట్టిన చోటే తేడా.

అయినా ఇంకొకసారి చేసేటప్పుడు మూడు జాగ్రత్తలు. దారం పైకొసను మేకుకు ముడి వేస్తే, ఊగినప్పుడల్లా అది మేకు మీద కొంచెం చుట్టుకుంటుంది, వేలాడే బిందువు జరుగుతూ ఉంటుంది. రెండు చదునైన చెక్కముక్కల మధ్య దారాన్ని బిగించండి, అప్పుడు బిందువు కచ్చితంగా చెక్క కింది అంచు. రెండోది, లెక్కపెట్టడం గుండు చివరకు వెళ్లి ఆగినప్పుడు కాదు, కింద నడిమధ్య గీతను దాటేటప్పుడు మొదలెట్టండి. చివర అది నెమ్మదిస్తుంది, ఎప్పుడు ఆగిందో కంటికి తెలియదు. కింద వేగం ఎక్కువ, దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. మూడోది పిల్లలు దాదాపు అందరూ చేసేది: స్టాప్‌వాచ్ నొక్కుతూ "ఒకటి" అంటారు. అక్కడ "సున్నా" అనాలి. లేకపోతే 20 అనుకున్నవి 19 అవుతాయి, 5 శాతం పోయినట్టే. మీటను నొక్కడంలో చేతికి పట్టే ఆలస్యం 0.2 సెకండు అనుకుంటే, 20 డోలనాల మీద అది అర శాతం, 100 డోలనాల మీద 0.1 శాతం. ఓపికుంటే వంద లెక్కపెట్టండి.

గుండు బరువు ఎంతైనా ఫర్వాలేదని మీకు తెలుసు కాబట్టి దాని జోలికి పోను. వర్గమూలం సంగతి మాత్రం గుర్తుంచుకోండి, గడియారాల చరిత్రలో సగం దాని చుట్టూనే తిరిగింది. కాలం సగం కావాలంటే పొడవు నాలుగో వంతు కావాలి: అర సెకండు ఊపు లోలకం సుమారు 24.8 సెంటీమీటర్లు, బల్ల మీద గడియారంలో పడుతుంది. కాలం రెట్టింపు కావాలంటే పొడవు నాలుగు రెట్లు: లండన్ పార్లమెంటు గోపురంలోని పెద్ద గడియారం లోలకం ఒక్కో వైపు ఊపుకు 2 సెకండ్లు తీసుకుంటుంది, దాని పొడవు దాదాపు 4 మీటర్లు. మనిషెత్తు పెట్టెలో చక్కగా ఇమిడేది మధ్యలో ఉన్న ఈ 99.4 సెంటీమీటర్లే.

గడియారంలోకి వద్దాం. లోలకానికి రెండు పనులు చేతకావు. ఎన్నిసార్లు ఊగిందో అది లెక్కపెట్టుకోలేదు, గాలి, రాపిడి తినేసిన శక్తిని తిరిగి సంపాదించుకోలేదు. ఈ రెండింటినీ చేసిపెట్టేది ఎస్కేప్‌మెంట్. గెలీలియో చివరి రోజుల్లో, 1641లో, ఇలాంటి గడియారం ఒకటి ఊహించాడు కానీ పూర్తికాలేదు. 1656లో డచ్ శాస్త్రజ్ఞుడు హైగెన్స్ పనిచేసే గడియారం చేయించాడు. అంతకుముందు మంచి గడియారాలు కూడా రోజుకు పావుగంట అటూఇటూ అయ్యేవి. లోలకం పెట్టాక అది రోజుకు పదిహేను సెకండ్ల స్థాయికి దిగింది. ఒక్క మార్పుతో అరవై రెట్ల మెరుగుదల, కాలాన్ని కొలవడంలో అంతకుముందెప్పుడూ అలాంటిది జరగలేదు.

అయితే ఆ తొలి గడియారాల్లో వాడిన పాత వెర్జ్ ఎస్కేప్‌మెంట్‌కు లోలకం చాలా వెడల్పుగా ఊగాలి. అంత వెడల్పుగా మీటరు లోలకాన్ని ఊపాలంటే పెట్టె పట్టదు, అందుకే పొట్టి లోలకాలు వాడారు. 1670 ప్రాంతంలో ఇంగ్లండులో యాంకర్ ఎస్కేప్‌మెంట్ వచ్చాక నాలుగైదు డిగ్రీల ఊపు చాలు అనే పరిస్థితి వచ్చింది. దాన్ని కనిపెట్టింది రాబర్ట్ హుక్ అని కొందరు, విలియం క్లెమెంట్ అని కొందరు. ఎవరైనా సరే, సెకండ్ల లోలకం ఇంట్లో అడుగుపెట్టింది ఆ లంగరు ఆకారపు ముక్క పుణ్యమే.

ఆ గడియారం వెనక పలక తీసి చూస్తే కనిపించేది ఇది. పైన చిన్న ఇత్తడి చక్రం, దానికి 30 పళ్లు. దాని మీద లంగరు, రెండు కొసలతో. లోలకం ఎడమకు వెళ్తే ఒక కొస లేచి ఒక పన్నును వదులుతుంది. చక్రం అర పన్ను దూరం తిరిగేలోపు రెండో కొస ఇంకో పన్నును ఆపేస్తుంది. అదే టిక్. లోలకం కుడికి వచ్చినప్పుడు మళ్లీ అదే తంతు, అది టాక్. అంటే ఒక పన్ను పూర్తిగా దాటడానికి రెండు ఊపులు, 2 సెకండ్లు. 30 పళ్లకు 60 సెకండ్లు. చక్రం నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి ఆ చక్రం ఇరుసు ముందుకొసకు ఒక ముల్లు తగిలిస్తే చాలు, అదే సెకండ్ల ముల్లు, మధ్యలో ఇంకే పళ్లచక్రమూ అక్కర్లేదు. నిలువు గడియారాల్లో సెకండ్ల ముల్లు పన్నెండు అంకె కింద చిన్న వలయంలో ఉండేది అందుకే. ఎస్కేప్ చక్రం ఇరుసు అక్కడ ఉంది మరి.

పన్ను జారేటప్పుడు దాని వాలు లంగరు కొసను కొద్దిగా తోస్తుంది, ఆ తోపే లోలకానికి ఆహారం. ఇక్కడ ఒక మెలిక. ఊయల ఊపేవాళ్లు ఎప్పుడు తోస్తారన్నదాన్ని బట్టి ఊపు సాఫీగానైనా సాగుతుంది, తొట్రుపాటైనా పడుతుంది. లోలకం అడుగున ఉన్నప్పుడు, అంటే వేగం గరిష్ఠంగా ఉన్న క్షణానికి రెండు పక్కలా సమానంగా తోస్తే దాని కాలం మీద ప్రభావం ఉండదు. అది అడుగుకు చేరకముందే తోస్తే కాలం తగ్గుతుంది, దాటాక తోస్తే పెరుగుతుంది. మామూలు లంగరులో ఇంకో పీడ ఉంది: లోలకం చివరిదాకా వెళ్లేటప్పుడు పన్నును వెనక్కి నెడుతుంది. సెకండ్ల ముల్లును దగ్గరగా చూడండి, ప్రతి టిక్‌కూ ముందుకు దూకి ఒక వెంట్రుకవాసి వెనక్కి తగ్గుతుంది. అలా తగ్గినంతసేపూ లోలకానికి స్వేచ్ఛ లేదు. 1715 ప్రాంతంలో జార్జ్ గ్రహామ్ కొసల ఆకారం మార్చి ఆ వెనకడుగు లేకుండా చేశాడు. దాన్ని డెడ్‌బీట్ ఎస్కేప్‌మెంట్ అంటారు. ఖగోళశాలల్లో ఆ తర్వాత రెండు వందల ఏళ్లు నడిచిన రెగ్యులేటర్ గడియారాల (మిగతావాటిని సరిచేసుకునే ప్రామాణిక గడియారాల) గుండెకాయ ఇదీ, సెకండ్ల లోలకమూ కలిసే.

ఇప్పుడు "ఇంత తేడా" అన్నారు చూడండి, దాన్ని రోజు లెక్కలోకి మారుద్దాం. రోజుకు 86,400 సెకండ్లు. పొడవులో 1 మిల్లీమీటరు మారితే కాలం 0.05 శాతం మారుతుంది, అంటే రోజుకు 43 సెకండ్లు. అందుకే గుండు కింద మరచుట్ల రాడ్ మీద ఒక నట్టు ఉంటుంది. మరచుట్టు మిల్లీమీటరు చొప్పున ఉంటే ఒక చుట్టు 43 సెకండ్లు, అర చుట్టు 22. గడియారం వెనకబడుతుంటే గుండును పైకి, ముందుకు పోతుంటే కిందికి. పావు చుట్టు తిప్పి ఒక రోజంతా ఆగి చూడాలి. చాలామంది గంటకోసారి తిప్పి గందరగోళం చేసుకుంటారు.

రోజుకు ఒకటి రెండు సెకండ్ల తేడాకు నట్టు ముట్టుకోకూడదు. లోలకం ఆపాల్సి వస్తుంది, ఆపితే ఉన్న సమయం కాస్తా పోతుంది. దానికి రాడ్ మధ్యలో ఒక చిన్న పళ్లెం పెడతారు. అందులో బరువు వేస్తే లోలకం మొత్తం గరిమనాభి పైకి జరుగుతుంది, గడియారం వేగం పుంజుకుంటుంది. 6 కిలోల గుండున్న లోలకం మీద, సరిగ్గా సగం ఎత్తులో 1 గ్రాము వేస్తే రోజుకు సుమారు 1.8 సెకండ్లు. లండన్ గడియారానికి ఇదే పనికి పాత పెన్నీ నాణేలు వాడతారు, ఒక్కో నాణెం రోజుకు 0.4 సెకండు.

ఒక మాట మధ్యలో. ఈ రాడ్, నట్టు, పళ్లెం ఉన్న లోలకం మీ దారం లోలకంలా కాదు. రాడ్‌కూ బరువుంది కాబట్టి గుండు కేంద్రం దాకా కొలిస్తే 99.4 రాదు, కాస్త ఎక్కువే వస్తుంది. గుండు అసలే లేని సమమైన కడ్డీని కొస దగ్గర వేలాడదీసి సెకండ్ల లోలకం చేయాలంటే దాని పొడవు దాదాపు 1.49 మీటర్లు ఉండాలి, ఎందుకంటే దాని ఫలిత పొడవు మూడింట రెండు వంతులే. ఎవరైనా "మా గడియారం లోలకం 105 సెంటీమీటర్లుంది, ఇది అసలైంది కాదేమో" అని కంగారుపడితే ఇదే చెబుతాను.

వేడి సంగతి. ఉక్కు రాడ్ ఒక్క డిగ్రీ వేడెక్కితే సాగేది 11 మైక్రాన్ల పైచిలుకు. కంటికి ఆనదు. కానీ గడియారం రోజుకు అర సెకండు వెనకబడుతుంది. ఇత్తడి రాడ్ అయితే 0.8 సెకండు. పది డిగ్రీలు పెరిగి అలాగే ఉంటే ఉక్కు లోలకం నెలకు రెండున్నర నిమిషాలు వెనక. చెక్క రాడ్ పొడవునా చాలా తక్కువ సాగుతుంది, చవక కూడా, కానీ తేమ పీలుస్తుంది, అందుకే బాగా ఎండబెట్టి వార్నిష్ వేస్తారు. గ్రహామ్ 1721లో గుండు బదులు పాదరసం సీసా పెట్టాడు: రాడ్ కిందికి సాగితే పాదరసం మట్టం పైకి లేస్తుంది, లెక్క సరిపోతుంది. మరో ఐదేళ్లకు జాన్ హారిసన్ ఉక్కు, ఇత్తడి కడ్డీలను జాలీలా పక్కపక్కన పెట్టి ఉక్కు కిందికి సాగినంతా ఇత్తడి పైకి సాగేలా చేశాడు. మీరు పాత గోడగడియారాల్లో తొమ్మిది కడ్డీల లోలకం చూసుంటారు, అది ఆ జాలీకి వారసుడు. చాలావాటిలో అవి ఉత్త అలంకారమే, ఏ కడ్డీకీ ఏ పనీ లేదు. చివరకు 1896లో గీయోమ్ 36 శాతం నికెల్ కలిపిన ఇన్వార్ అనే ఉక్కుతో ఈ తలనొప్పికి మందు కనిపెట్టాడు. దాని రాడ్ డిగ్రీకి రోజుకు 0.05 సెకండు మాత్రమే. ఆ పనికి ఆయనకు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. సాపేక్ష సిద్ధాంతం, క్వాంటం అని లోకం ఊగిపోతున్న కాలంలో ఒక లోహానికి నోబెల్ ఇచ్చారని కొందరు ముక్కు విరుస్తారు. నాకైతే సబబే అనిపిస్తుంది. కొలవడం కుదుటపడకపోతే మిగతావేవీ రుజువయ్యేవి కావు.

ఊపు వెడల్పు ఇంకో చిక్కు. సూత్రంలో వెడల్పు లేదు, కానీ అది చిన్న కోణాలకే. గెలీలియో ఎంత వెడల్పుగా ఊగినా కాలం ఒకటే అనుకున్నాడు, అది నిజం కాదు. మధ్య గీత నుంచి ఒక వైపుకు 1 డిగ్రీ ఊగితే రోజుకు 1.6 సెకండ్లు వెనకబడుతుంది, 2 డిగ్రీలకు 6.6, 5 డిగ్రీలకు 41. ఎప్పుడూ ఒకే వెడల్పుంటే ఫర్వాలేదు, నట్టుతో సర్దేస్తాం. బాధంతా మారడం వల్లే: 2 డిగ్రీలు 2.1 అయితే రోజుకు 0.7 సెకండు. నూనె చిక్కబడినా, దుమ్ము పట్టినా వెడల్పు మారుతుంది. హైగెన్స్ దీనికి గణితంలో అద్భుతమైన పరిష్కారం చెప్పాడు, గుండు చక్రజ వక్రం (దొర్లే చక్రం అంచు మీది చుక్క గీసే వంపు) వెంట ఊగితే ఏ వెడల్పుకైనా కాలం ఒకటే అని 1673లో రుజువు చేశాడు. వేలాడే చోట రెండు పక్కలా వంపు రేకులు పెట్టి గుండును ఆ దారిలో నడిపించాడు. గణితం నూటికి నూరుపాళ్లూ సరే. పనిలో మాత్రం ఆ రేకులు తెచ్చే తప్పులు అవి సరిదిద్దే తప్పుకంటే ఎక్కువయ్యాయి. లంగరు వచ్చి ఊపు తగ్గాక ఎవరికీ వాటి అవసరం లేకపోయింది.

గాలి కూడా ఊరుకోదు. ఇత్తడి గుండును గాలి పైకి తేల్చడం వల్ల రోజుకు ఆరు సెకండ్ల పైన వెనకబడుతుంది. దాన్ని సర్దేయొచ్చు, కానీ వాతావరణ పీడనం రోజూ మారుతుంది. పాదరస స్తంభం 20 మిల్లీమీటర్లు మారితే రోజుకు దాదాపు 0.2 సెకండు తేడా.

ఇవన్నీ సరిచేసినా గడియారం ఆగిపోయే కేసు ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. వారానికోసారి బరువులు పైకి లాగే నిలువు గడియారం, వారం చివర్లో దాదాపు ఒకే రోజున ఆగిపోతూ ఉంటుంది. నూనె వేస్తారు, చక్రాలు కడుగుతారు, లాభం ఉండదు. జరిగేదేమిటంటే, బరువు కిందికి దిగుతూ దిగుతూ దాని తాడు పొడవు ఒక రోజున మీటరు దగ్గరకు వస్తుంది. అప్పుడు ఆ బరువే ఇంకో సెకండ్ల లోలకం! పెట్టె గోడకు గట్టిగా బిగించి లేకపోతే, లోలకం ఊగినప్పుడల్లా పెట్టె కంటికి కనబడనంతగా ఊగుతుంది, ఆ ఊపు అనునాదంతో బరువుకు ఎక్కుతుంది, లోలకం శక్తినంతా బరువు లాగేసుకుంటుంది. అనుమానం వస్తే ఆ సమయానికి పెట్టె తలుపు తీసి బరువును చూడండి, మెల్లగా ఊగుతుంటుంది. మందు నాలుగు మరలు. పెట్టె వీపును గోడకు బిగించేస్తే చాలు.

ఇంతకీ లోలకం సరిగ్గా సెకండుకే కొడుతోందని మొదట్లో ఎలా తెలిసింది? సెకండంటే అప్పట్లో సగటు సౌరదినంలో 86,400వ వంతు. లోలకం ఆ సెకండును నిలబెడుతుందే తప్ప నిర్వచించదు, దానికి పాఠం చెప్పేది ఆకాశమే. 1640లలో ఇటలీలోని బొలోన్యాలో రిచ్చోలి అనే ఖగోళవేత్త తన తోటి జెసూట్ ఫాదర్లను కూర్చోబెట్టి ఇరవై నాలుగు గంటల పాటు వంతులవారీగా ఊపులు లెక్కపెట్టించాడు. తర్వాతి కాలంలో ఖగోళశాలల పద్ధతి తేలికైంది: ఒక నక్షత్రం ఉత్తరదక్షిణ రేఖను దాటిన క్షణం నుంచి మర్నాడు మళ్లీ దాటేదాకా 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లు. గడియారం దానికి సరిపోయిందా లేదా. మీరూ చేయొచ్చు. కదలని ఒక గోడ అంచు, కంటికి ఒకే స్థానం ఉంటే చాలు, నక్షత్రం అంచు వెనక్కి మాయమయ్యే సమయం రాత్రికి 3 నిమిషాల 56 సెకండ్ల చొప్పున ముందే రావాలి.

ఇక్కడిదాకా గడియారం. కానీ సూత్రంలో పొడవుతో పాటు జి కూడా ఉంది, దాన్ని జనం మొదట్లో మారని స్థిరాంకం అనుకున్నారు. 1672లో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్ రిషే దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరున్న కాయెన్‌కు వెళ్లాడు. పారిస్‌లో సరిచేసిన గడియారం అక్కడ రోజుకు రెండు నిమిషాలకు పైగా వెనకబడింది. సెకండుకు కొట్టాలంటే లోలకాన్ని ఒకటింపావు లీన్ (అప్పటి ఫ్రెంచి పొడవు కొలత) కుదించాల్సి వచ్చింది, అంటే 2.8 మిల్లీమీటర్లు. వేడికి రాడ్ సాగిందనీ, రిషే సరిగా చూసుకోలేదనీ అన్నవాళ్లున్నారు. ఇప్పటి గురుత్వ విలువలతో లెక్కేస్తే రావాల్సిన తేడా 2.9 మిల్లీమీటర్లు. ఆ రోజుల పరికరాలతో ఆయన ఎంత దగ్గరకు వచ్చాడో చూడండి. న్యూటన్ దీన్ని పట్టుకుని, భూమి తిరగడం వల్లా, నడుము దగ్గర ఉబ్బి ఉండడం వల్లా అక్కడ గురుత్వం తక్కువని వాదించాడు. లోలకం గడియారాన్ని భూమధ్యరేఖ నుంచి ధ్రువానికి తీసుకెళ్తే రోజుకు దాదాపు 3 నిమిషాల 50 సెకండ్లు ముందుకు పోతుంది. సెకండ్ల లోలకం పొడవు భూమధ్యరేఖ దగ్గర 99.10 సెంటీమీటర్లు, ధ్రువాల దగ్గర 99.62.

ఎత్తుకెక్కినా అంతే. కొండ బరువును పక్కనబెట్టి ఉత్త ఎత్తునే లెక్కిస్తే కిలోమీటరుకు రోజుకు 13.6 సెకండ్లు వెనక. కొండ బరువును పక్కనబెట్టకూడదని 1730లలో ఆండీస్ పర్వతాల్లో లోలకం ఊపిన బూగేర్ గ్రహించాడు. కొండ తనవైపు లాగుతుంది కాబట్టి తగ్గుదల కొంచెం తక్కువగా ఉంటుంది. ఆ సవరణ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. గడియారం చేసేవాళ్లకు తప్పుగా కనబడిందే భూమిని కొలిచేవాళ్లకు జవాబైంది, 20వ శతాబ్దం మధ్యదాకా గురుత్వాన్ని లోలకంతోనే కొలిచారు.

ఈ గుణం వల్లే గడియారంగా లోలకానికి ఒక గోడ అడ్డొచ్చింది. 1921లో విలియం షార్ట్ రెండు లోలకాల గడియారం తెచ్చాడు. అసలు లోలకం గాలి తీసేసిన రాగి గొట్టంలో స్వేచ్ఛగా ఊగుతుంది, చక్రాలు తిప్పే చాకిరీ అంతా బయటున్న రెండో లోలకానిది. అర నిమిషానికోసారి మాత్రం అసలుదానికి ఒక చిన్న తోపు. ఏడాదికి సుమారు ఒక సెకండు తేడా. 1984లో అలాంటి ఒక గడియారాన్ని పరమాణు గడియారంతో పోల్చి చూస్తే, సూర్యచంద్రులు లాగడం వల్ల జి విలువ కోటిలో ఒక వంతు మారడం కూడా దాని నడకలో కనబడింది. అంతకుమించి లోలకాన్ని మెరుగుపరిచి లాభం లేదు, చంద్రుణ్ణి ఆపలేం కదా. 1927లో వచ్చిన క్వార్ట్జ్ గడియారానికి గురుత్వంతో పనిలేదు, కాబట్టి ఆ పోటీ అక్కడితో తేలిపోయింది.

మీ నాలుగో ప్రశ్న, మీటరు. చుట్టరికం ఉంది, కానీ పెళ్లి కుదరలేదు. 1675లోనే బురాత్తీని అనే ఆయన సెకండ్ల లోలకం పొడవునే ప్రపంచానికంతటికీ కొలతగా పెట్టి దానికి మీటరు అనే పేరు వాడాడు. 1790లో ఫ్రాన్సులో టాలేరాన్ 45 డిగ్రీల అక్షాంశం దగ్గరి సెకండ్ల లోలకాన్ని ప్రమాణంగా ప్రతిపాదించాడు, అదే ఏడాది అమెరికాలో జెఫర్సన్ కూడా దాదాపు అలాంటిదే అడిగాడు. 1791లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుల సంఘం కాదంది. పొడవును నిర్వచించడానికి కాలాన్నీ గురుత్వాన్నీ మధ్యలోకి తేవడం వాళ్లకు నచ్చలేదు. ధ్రువం నుంచి భూమధ్యరేఖకు ఉన్న దూరంలో కోటో వంతు అని నిర్ణయించారు. చివరికి మీటరు 443.296 లీన్లుగా తేలింది. హైగెన్స్ కొలిచిన పారిస్ సెకండ్ల లోలకం 440.5 లీన్లు. మూడు లీన్లు కూడా తేడా లేదు. జి విలువ π² కి ఇంత దగ్గరగా ఉండడానికి కారణం ఇదే. ఇందులో లోతైన రహస్యమేమీ లేదు, ధ్రువం నుంచి భూమధ్యరేఖకు ఉన్న ఆ దూరంలో కోటో వంతు ఆ లోలకం పక్కన వచ్చి పడింది.

బ్రిటన్ మాత్రం 1824 చట్టంలో లోలకాన్ని హామీగా పెట్టుకుంది: ప్రామాణిక గజం కడ్డీ ఎప్పుడైనా పాడైతే, లండన్‌లో సెకండ్ల లోలకం 39.1393 అంగుళాలు కాబట్టి దాన్నిబట్టి మళ్లీ చేసుకోవచ్చని. పదేళ్లకే 1834లో పార్లమెంటు తగలబడి కడ్డీ పాడైంది. తీరా చూస్తే లోలకం కొలతలో గాలికి చేసిన సవరణలు తప్పని అప్పటికే తేలిపోయింది. కమిటీ ఆ మార్గం వదిలేసి, మిగిలిన నకలు కడ్డీలను బట్టే కొత్త గజం చేయించింది.

పరీక్షల్లో జి 10, π² 10 అని తీసుకుని పొడవు సరిగ్గా మీటరు అని రాస్తారు, మార్కులకు అది చాలు. అదే పొడవుతో గడియారం చేస్తే మాత్రం రోజుకు నాలుగున్నర నిమిషాలు వెనకబడుతుంది. ఈసారి దారం కొలిచేటప్పుడు పై చెక్క అంచు నుంచి గుండు నడిమి దాకా 99.4 పెట్టి, 5 డిగ్రీలు దాటకుండా ఊపి, వంద డోలనాలకు ఎంత పట్టిందో రాయండి. 200 సెకండ్లకు పావు సెకండు అటూఇటూ వస్తే మీ చేయి బాగున్నట్టే. అంతకు మించి తేడా వస్తే గుండు కొలతలు, బిగింపు ఎలా చేశారో కూడా రాయండి, చూద్దాం.